లోగో వచ్చిన 35 సెకన్లకు చీకటి: బూట్ సమయంలో పవర్ స్థితుల మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

క్లయింట్ ఎవరన్నది, పరికరం ఎక్కడ వాడతారన్నది ఇక్కడ రాయడం లేదు. కేసు అర్థం కావడానికి బోర్డు గురించి తెలిస్తే చాలు. బ్యాటరీతో నడిచే, చేత్తో పట్టుకుని డేటా సేకరించే పరికరం అది. నాలుగు కోర్ల ఆర్మ్ ప్రాసెసర్, ఈఎంఎంసీ స్టోరేజీ (బోర్డు మీదే అతికించిన మెమరీ చిప్), చిన్న టచ్ స్క్రీన్, నెట్‌వర్క్ పోర్టు ఉంటాయి. బోర్డు మీది సప్లైలన్నీ, అంటే ఒక్కో భాగానికి వెళ్లే కరెంటు లైన్లన్నీ, ఒకే పవర్ చిప్ ఇస్తుంది. ఇంజనీర్లు దాన్ని పీమిక్ అంటారు. ప్రాసెసర్ ఈ పీమిక్‌తో ఐ2సీ బస్ (చిప్పులు పంచుకునే రెండు తీగలు, ఒకటి డేటాకు, ఒకటి క్లాక్‌కు) మీద మాట్లాడుతుంది. టచ్ చిప్ కూడా అదే బస్ మీద ఉంది. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, కేసంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆన్ కాగానే ముందుగా నడిచి కెర్నెల్‌ను, అంటే లైనక్స్ మూల ప్రోగ్రామ్‌ను, లేపే బూట్‌లోడర్ పేరు యూ-బూట్. అది స్క్రీన్‌కు పవర్ ఇచ్చి, కంపెనీ లోగో చూపించి, స్క్రీన్‌ను వెలిగి ఉండగానే కెర్నెల్‌కు అప్పగిస్తుంది. కొన్నేళ్లు లైనక్స్ 4.4 మీద ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. భద్రతా ప్యాచ్‌ల అవసరం వల్ల 5.15కు మారారు. పాత కెర్నెల్లో డ్రైవర్లన్నీ (ఒక్కో భాగాన్ని నడిపే కోడ్) కెర్నెల్లోనే కలిపి బిల్డ్ చేశారు. కొత్తదాంట్లో డిస్‌ప్లే, టచ్ డ్రైవర్లను మాడ్యూల్స్‌గా, అంటే తర్వాత లోడ్ చేసే విడి ఫైళ్లుగా, విడదీశారు. ఆ మాడ్యూల్స్ రూట్ ఫైల్ సిస్టమ్‌లో (సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన విభాగం) ఉంటాయి కాబట్టి అది మౌంట్ అయ్యాకే, అంటే వాడకానికి తెరుచుకున్నాకే, లోడ్ అవుతాయి. ఈ మార్పు వల్ల ఏదైనా ఇబ్బంది వస్తుందని అప్పట్లో ఎవరికీ అనిపించలేదు. సమీక్షలో నేను ఉన్నా అనుమానించేవాణ్ణి కాదు.

సమస్య ఎలా వచ్చింది

అప్‌డేట్ వెళ్లిన కొన్ని వారాలకు ఫిర్యాదులు మొదలయ్యాయి. ఆన్ చేస్తే లోగో వస్తుంది, కాసేపు ఉంటుంది, తర్వాత స్క్రీన్ నల్లబడుతుంది. ఇక టచ్ లేదు, నెట్‌వర్క్ లేదు. అన్ని పరికరాలకూ ఇలా కావడం లేదు. వచ్చినవాటికి కూడా ప్రతిసారీ రావడం లేదు. ల్యాబ్‌లో ఒక్కసారి కూడా రాలేదు.

ఫీల్డ్ ఇంజనీర్ ఒకరు చెప్పిన మాట నన్ను చాలా రోజులు పక్కదారి పట్టించింది. "చీకటి పడ్డాక వెంటనే బ్యాటరీ తీసి పెడితే మళ్లీ అదే కథ సార్. అలాగే పక్కన పెట్టేసి, ఓ పది నిమిషాలు చల్లారనిచ్చి తీసి పెడితే మాత్రం ఆన్ అవుతుంది." చల్లారనివ్వడం అనగానే అందరి ఆలోచనా వేడి మీదికి వెళ్లింది. క్లయింట్ టీమ్ అప్పటికే బ్యాటరీ సరఫరాదారుతో మాట్లాడటం మొదలుపెట్టింది. నేనూ మొదటి వారమంతా వేడి పరీక్షల మీదే పెట్టాను. వేడి చేసి చూశాం, చల్లబరిచి చూశాం, బ్యాటరీ వోల్టేజీ తగ్గించి చూశాం. పరికరం చెక్కుచెదరలేదు.

ఆయన చూసింది నిజమే. పది నిమిషాలు ఆగితే పని చేస్తోంది. కారణం మాత్రం వేడి కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వీడియోల్లో దొరికిన ఆధారం

దారి మార్చింది ఫీల్డ్ నుంచి వచ్చిన మూడు ఫోన్ వీడియోలు. మూడు వేర్వేరు పరికరాలు, మూడు వేర్వేరు రోజులు. లోగో కనిపించిన క్షణం నుంచి చీకటి పడే క్షణం దాకా సమయం కొలిచాను. మూడింట్లోనూ సుమారు 35 సెకన్లు. వాటి మధ్య తేడా ఒక సెకను కూడా లేదు. వేడెక్కిన చిప్పుకో, వదులైన కనెక్టర్‌కో అంత కచ్చితమైన సమయపాలన ఉండదు. ఎక్కడో ఒక టైమర్ ఉంది, సమయం కాగానే ఎవరో స్విచ్ ఆపేస్తున్నారు.

అక్కడి నుంచి ప్రశ్న మారింది. "ఏది చెడిపోతోంది" అని వెతకడం మానేసి, "ఎవరు ఆపుతున్నారు" అని వెతకడం మొదలుపెట్టాను.

బూట్ సమయంలో కెర్నెల్ చేసే ఒక పనిని ఇక్కడ వివరించాలి. బూట్‌లోడర్ తన అవసరం కోసం కొన్ని క్లాకులు (చిప్ భాగాలకు లయ ఇచ్చే సంకేతాలు), పవర్ డొమైన్లు (చిప్ లోపల విడిగా ఆపగల భాగాలు), రెగ్యులేటర్లు (సప్లైలకు వోల్టేజీ ఇచ్చేవి) ఆన్ చేసి వదిలేస్తుంది. వాటిలో చాలా వరకు తర్వాత ఎవరికీ అక్కర్లేదు, ఊరికే కరెంటు తింటాయి. అందుకే డ్రైవర్లు మొదలైపోయాక కెర్నెల్ ఒకసారి ఇల్లు ఊడ్చినట్టు ఊడుస్తుంది. ఎవరూ అడగని వాటిని ఆపేస్తుంది. క్లాకులకు, పవర్ డొమైన్లకు ఈ ఊడ్పు ప్రారంభ దశ చివర్లోనే జరిగిపోతుంది. రెగ్యులేటర్లకు మాత్రం 5.15లో అక్కడి నుంచి 30 సెకన్ల గడువు ఉంటుంది. మాడ్యూల్స్ ఆలస్యంగా లోడ్ అవుతాయి కాబట్టి అవి వచ్చి తమ సప్లైని పట్టుకోవడానికి ఇచ్చిన వ్యవధి ఇది. 4.4లో అలాంటి గడువే లేదు, వెంటనే ఆపేసేది. కానీ అక్కడ డ్రైవర్లు కెర్నెల్లోనే ఉండటంతో ఆ లోపే సప్లైని పట్టుకునేవి.

ఈ పరికరంలో కెర్నెల్ ప్రారంభ దశ ముగియడానికి మూడు సెకన్లు పడుతుంది. లోగో కెర్నెల్ మొదలవడానికి కొంచెం ముందే వస్తుంది. ఆ రెండు వ్యవధులకూ 30 కలిపితే వీడియోల్లోని 35కు దగ్గరగా వస్తోంది.

మొదట పెట్టిన పరీక్ష, అందులో నా పొరపాటు

రెగ్యులేటర్ల గడువు గురించి తెలిసి కూడా, అలవాటు కొద్దీ ముందు క్లాకుల మీద పడ్డాను. అంతకు ముందు ఒక కేసులో లోగో మాయమవడానికి క్లాకుల ఊడ్పు కారణమైంది. అందుకే వాడని క్లాకులనూ పవర్ డొమైన్లనూ ఆపవద్దని చెప్పే రెండు బూట్ పరామితులు పెట్టి ఫీల్డ్‌లో రెండు పరికరాలకు పంపాం. ఏ మార్పూ లేదు. ఆ రెండు ఊడ్పులూ మూడో సెకనులోనే అయిపోతాయి, చీకటి పడేది 35 దగ్గర. చేతిలో ఉన్న కొలతే ఆ పరీక్ష అనవసరమని చెబుతోంది. పాత కేసు జ్ఞాపకం కొత్త కేసు కొలతను పక్కకు నెట్టేసింది. దాని వల్ల నాలుగు రోజులు పోయాయి.

ల్యాబ్‌లో ఎందుకు రావడం లేదు? మామూలుగా మాడ్యూల్స్ ఎనిమిదో సెకనుకే లోడ్ అవుతున్నాయి. 30 సెకన్లు దాటాలంటే ఏదో బూట్‌ను పట్టి ఆపాలి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోని (రూట్ మౌంట్ కాకముందు మెమరీ నుంచి నడిచే చిన్న ఫైల్ సిస్టమ్) స్క్రిప్టులు చదివితే దొరికింది. పరికరం సరిగ్గా షట్‌డౌన్ కాలేదని తేలితే, రూట్ మౌంట్ చేయకముందే డేటా విభాగాన్ని పూర్తిగా తనిఖీ చేసే స్క్రిప్టు ఒకటి ఉంది. కొత్త పరికరంలో డేటా తక్కువ, తనిఖీ నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. నెలల తరబడి వాడిన పరికరంలో వేలకొద్దీ చిన్న ఫైళ్లు ఉంటాయి, తనిఖీకి నిమిషం దాకా పడుతుంది. పైగా ఫీల్డ్‌లో పని మధ్యలో షట్‌డౌన్ చేయకుండానే బ్యాటరీ ఊడదీసి కొత్తది పెట్టేస్తారు. ల్యాబ్‌లో మేము ఎప్పుడూ బెంచ్ సప్లై మీద, కమాండ్ ఇచ్చి పద్ధతిగా ఆపుతాం.

ఊహను నిర్ధారించడానికి ఫైల్ సిస్టమ్‌ను పూర్తిగా పక్కన పెట్టాను. కొత్త పరికరం తీసుకుని, ఆ స్క్రిప్టులో తనిఖీ తీసేసి, ఊరికే 20 సెకన్లు ఆగమని రాశాను. మామూలుగా బూట్ అయింది. 45 సెకన్లు ఆగమన్నాను. లోగో పోయింది, పరికరం చచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ చచ్చింది. మూడు వారాలుగా ల్యాబ్‌లో ఒక్కసారి కూడా కనిపించని లోపం ఇప్పుడు అడిగినప్పుడల్లా వస్తోంది. ఈ కేసులో నాకు నిజంగా ఊపిరి అందింది అప్పుడే.

లాగ్ ఎందుకు కనబడలేదో కూడా అప్పుడే తెలిసింది. బూట్ వేగం కోసం కన్సోల్‌ను, అంటే కెర్నెల్ సందేశాలు కనిపించే చోటును, నిశ్శబ్దంగా పెట్టారు. అది తీసేసి సీరియల్ పోర్టులో చూస్తే, ఎల్‌సీడీ 3.3 వోల్టుల సప్లైని ఆపుతున్నానని కెర్నెల్ స్పష్టంగా చెబుతోంది. ఆ కోడ్ రాసినవాళ్లకు ప్రమాదం ముందే తెలుసు. ఈ ఆపడం తేడా కొడితే సిస్టమే పోవచ్చు కాబట్టి లాగ్ చేస్తున్నామన్న అర్థంలో అక్కడ ఒక వ్యాఖ్య కూడా రాసి పెట్టారు. మేమే ఆ గొంతు నొక్కేశాం.

స్క్రీన్ సప్లై పోతే పరికరమంతా ఎందుకు పోవాలి?

క్లయింట్ టీమ్ ఇక్కడితో ఆగుదామంది. సప్లై ఆగకుండా చూస్తే సరిపోతుంది కదా అని. నేను ఒప్పుకోలేదు. స్క్రీన్‌కు పవర్ పోతే స్క్రీన్ మాత్రమే పోవాలి. నెట్‌వర్క్ ఎందుకు పోతోంది? మాడ్యూల్ తర్వాత లోడ్ అయి సప్లైని మళ్లీ ఆన్ చేసుకోవచ్చు కదా, అది ఎందుకు జరగడం లేదు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా ఏ మార్పు పెట్టినా అది గుడ్డిగా పెట్టినట్టే.

సప్లై ఆగిన క్షణం నుంచి లాగ్ అంతా ఐ2సీ టైమ్‌ఔట్లే (జవాబు రాక గడువు దాటిన కబుర్లు). బస్ స్తంభించింది. ఇలాంటప్పుడు అందరికీ తెలిసిన మందు ఒకటి ఉంది. ఏదైనా చిప్ బైట్ మధ్యలో ఇరుక్కుని డేటా లైన్‌ను కిందికి లాగి పట్టుకుంటే, తొమ్మిది క్లాక్ పల్సులు పంపితే వదిలేస్తుంది. ఆ రికవరీ కోడ్ చేర్చాం. పల్సులు వెళ్లాయి కానీ లైన్ పైకి రాలేదు.

అప్పుడు ఆసిలోస్కోప్ పెట్టాను. డేటా లైన్ మీద 0.6 వోల్టులు ఉంది. ఈ అంకె చాలా చెప్పింది. చిప్ తన ట్రాన్సిస్టర్‌తో లైన్‌ను లాగి పట్టుకుంటే వోల్టేజీ దాదాపు సున్నాకు దిగుతుంది. ఐ2సీ ప్రమాణం ప్రకారం అది 0.4 దాటకూడదు. 0.6 అనేది సిలికాన్ డయోడ్ మీద పడే వోల్టేజీ. టచ్ చిప్ సప్లై కూడా అదే ఎల్‌సీడీ 3.3 లైన్. సప్లై ఆగితే పీమిక్ ఆ లైన్‌ను సున్నాకు దించుతుంది. చచ్చిన టచ్ చిప్ లోపలి రక్షణ డయోడ్ల గుండా బస్ లైన్లను పైకి పట్టి ఉంచే పుల్-అప్ రెసిస్టర్ల కరెంటు అటు కారిపోతోంది. 3.3 వోల్టుల బస్ మీద 0.3 వంతు, అంటే 0.99 వోల్టులకు తక్కువైతే అందరూ దాన్ని సున్నాగానే చదువుతారు. కాబట్టి బస్ శాశ్వతంగా సున్నా దగ్గర నిలిచిపోయింది. ఏ చిప్పూ ఇరుక్కోలేదు కాబట్టి ఎన్ని పల్సులు పంపినా లాభం లేదు.

ఇక మిగతావన్నీ వరసగా విడిపోయాయి. బస్ పోతే ప్రాసెసర్ పీమిక్‌తో మాట్లాడలేదు. సప్లైని మళ్లీ ఆన్ చేయమని చెప్పే దారి కూడా అదే బస్. స్విచ్ ఆపిన చేతితోనే దాని దగ్గరికి వెళ్లే దారినీ మూసేసుకున్నట్టు అయింది. నెట్‌వర్క్ డ్రైవర్ తన సప్లై అడిగితే టైమ్‌ఔట్.

ఫీల్డ్ ఇంజనీర్ చెప్పిన పది నిమిషాలకు అర్థం కూడా దొరికింది. ఈఎంఎంసీ సప్లైని ఎవరూ ఆపలేదు కాబట్టి చీకట్లోనే తనిఖీ పూర్తయ్యేది, సిస్టమ్ పైకి లేచేది. స్క్రీన్ సర్వీసు పదేపదే విఫలమై, నాలుగైదు నిమిషాల్లో పర్యవేక్షణ ప్రోగ్రామ్ పద్ధతిగా రీబూట్ చేసేది. అప్పుడు ఫైల్ సిస్టమ్ శుభ్రంగా మూసుకునేది. ఆ రీబూట్‌లో పీమిక్ రీసెట్ కాదు కాబట్టి లోగో కూడా రాదు. కానీ తర్వాత బ్యాటరీ తీసి పెడితే తనిఖీ అవసరం లేకుండా మామూలుగా లేచేది. తొందరపడి ముందే బ్యాటరీ తీసినవాళ్లకు మళ్లీ తనిఖీ, మళ్లీ చీకటి. ఆయన పరిశీలన అక్షరాలా సరైనది. దాన్ని వేడిగా అనువదించుకున్నది మేము.

ఏయే దారులు చూశాం

డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏముందో కెర్నెల్‌కు చెప్పే వివరణ ఫైల్) ఆ సప్లైకి "బూట్ ఆన్" అనే గుర్తు అప్పటికే ఉంది. అది ఉంటే ఆగదని టీమ్ నమ్మకం. చాలామంది ఇలాగే అనుకుంటారు. బూట్‌లోడర్ దీన్ని ఆన్ చేసి పెట్టిందన్న సమాచారం మాత్రమే అది, ఆపవద్దన్న ఆజ్ఞ కాదు. 30 సెకన్లకు వాడకం లెక్క సున్నా ఉంటే బూట్ ఆన్ సప్లై కూడా ఆగుతుంది. డీబగ్ ఫైల్ సిస్టమ్‌లో రెగ్యులేటర్ల సారాంశం చూపించే ఫైల్ తెరిచి, లెక్క సున్నా ఉండటం వాళ్లకు చూపించాను. డ్రైవర్ సప్లైని కేవలం తీసుకుంటే లెక్క పెరగదనీ, ఎనేబుల్ చేస్తేనే పెరుగుతుందనీ అక్కడే స్పష్టమైంది.

క్లాకులకు ఉన్నట్టు "వాడని రెగ్యులేటర్లను ఆపవద్దు" అనే బూట్ పరామితి ఆ కెర్నెల్లో లేదు. ఉన్నా పెట్టేవాణ్ణి కాదు. బ్యాటరీ పరికరంలో అక్కర్లేనివన్నీ వెలుగుతూ ఉంటాయి.

తర్వాత నాకు బాగా నచ్చిన దారి సింపుల్ ఫ్రేమ్‌బఫర్. బూట్‌లోడర్ వెలిగించిన స్క్రీన్‌ను యథాతథంగా కొనసాగించే చిన్న డ్రైవర్ అది. సప్లైలు, క్లాకులు దానికి అప్పగిస్తే అసలు డిస్‌ప్లే డ్రైవర్ వచ్చేదాకా పట్టుకుని ఉంటుంది. 45 సెకన్ల పరీక్షలో నెగ్గింది. రెండు రోజులు సంతోషంగా ఉన్నాం. వరసగా బూట్ చేస్తూ పోతే పదింటిలో రెండు మూడు సార్లు మళ్లీ అదే చావు. అసలు డ్రైవర్ రాగానే చిన్న డ్రైవర్ సప్లైని వదులుతుంది, అసలు డ్రైవర్ కాసేపటికి పట్టుకుంటుంది. మధ్యలో ఖాళీ ఉంది. కెపాసిటర్లు ఆ ఖాళీని భరిస్తే బతుకుతుంది, వోల్టేజీ మరీ దిగితే బస్ పోతుంది. స్క్రీన్‌కైతే ఆ ఖాళీ ఒక మిణుకు మాత్రమే. ఈ బోర్డులో అది ప్రాణం మీదికి వచ్చింది.

టచ్ డ్రైవర్‌ను మళ్లీ కెర్నెల్లోనే కలిపితే? అది సిస్టమ్ నడిచినంత సేపూ సప్లైని పట్టుకునే ఉంటుంది. పెట్టి చూస్తే పని చేసింది కూడా. అయినా వద్దన్నాను. టచ్ చిప్ పాడైతే ప్రోబ్ (డ్రైవర్ తన చిప్‌ను పలకరించి మొదలుపెట్టే దశ) విఫలమవుతుంది, డ్రైవర్ సప్లైని వదిలేస్తుంది, వెంటనే పరికరమంతా చచ్చిపోతుంది. టచ్ లోపం టచ్ దగ్గరే ఆగాలి.

పని చేసింది ఏమిటంటే

ఇన్నాళ్లూ మమ్మల్ని మోసం చేసింది ఆ సప్లై పేరు. సర్క్యూట్ బొమ్మలో "ఎల్‌సీడీ 3.3" అని ఉంది కాబట్టి అందరం దాన్ని స్క్రీన్ సప్లైగానే చూశాం. నిజానికి అది బస్ సప్లై. బస్ పుల్-అప్‌లు బతికి ఉన్నంత సేపూ అది ఆగకూడదు. పోనీ బస్ కంట్రోలర్‌నే దీనికి వాడుకరిగా రాద్దామంటే, ఆ సప్లై ఇచ్చేది అదే బస్ మీది పీమిక్. ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ లేవవు. కాబట్టి నిజాన్ని సూటిగా రాశాం. సిస్టమ్ నడుస్తున్నంత సేపూ ఎప్పుడూ ఆన్ అని.

క్లయింట్ భయం నిద్రావస్థ గురించి. అది సరైన భయమే. మొదటి కొలతలో నిద్రలో కరెంటు రెట్టింపు దాటింది. అయితే "ఎప్పుడూ ఆన్" అన్న గుర్తుతో పాటు, నిద్రలో మాత్రం ఆపమని అదే సప్లై కింద విడిగా రాయవచ్చు. నిద్రలోకి వెళ్లేటప్పుడు పీమిక్ తన స్లీప్ స్థితిలో దాన్ని తానే ఆపుతుంది, లేచేటప్పుడు తానే ఇస్తుంది. మధ్యలో ఐ2సీ మీద మాట అవసరం లేదు. పుల్-అప్‌ల సప్లైకి కూడా అదే రాశాం. కరెంటు పాత స్థాయికి వచ్చింది.

చివరికి మార్పు డివైస్ ట్రీలో పది వరసలు కూడా లేదు. పరీక్ష మాత్రం గట్టిగా పెట్టాం. ఆగే సమయాన్ని 25 నుంచి 60 సెకన్ల దాకా మారుస్తూ, రిలేతో బ్యాటరీ లైన్ తెంపుతూ, రెండు రాత్రులు వరసగా బూట్ చేయించాం. టచ్ చిప్ కేబుల్ పీకేసి కూడా చేశాం. ఒక్క చావు లేదు.

అదే ఊపులో అన్ని సప్లైలకూ ఒక పట్టిక వేశాం. బూట్‌లోడర్ దీన్ని ఏ స్థితిలో వదిలింది, కెర్నెల్ ఏ స్థితిలో ఉందనుకుంటోంది, దీని మీద ఇంకెవరు బతుకుతున్నారు. రెండో ప్రశ్న దగ్గర ఇంకో లోపం బయటపడింది. రన్‌టైమ్ పీఎంలో (సిస్టమ్ నడుస్తుండగానే వాడని భాగాలను నిద్రపుచ్చే కెర్నెల్ పద్ధతి) ప్రతి పరికరం మొదట నిద్రలో ఉన్నట్టే లెక్క. ఈ బోర్డు మీది స్కానర్ చిప్‌ను బూట్‌లోడర్ మేల్కొలిపి వదిలింది. డ్రైవర్ ఆ సంగతి చెప్పకుండానే రన్‌టైమ్ పీఎంను ఎనేబుల్ చేసింది. అప్పటికే నిద్రపోతోందని కెర్నెల్ నమ్మింది కాబట్టి దాన్ని నిద్రపుచ్చే పిలుపే ఎప్పుడూ రాలేదు. వాడకపోతే రోజంతా పూర్తి పవర్ మీద ఉంటోంది. ఎనేబుల్ చేయడానికి ముందు "చురుకుగా ఉంది" అని ఒక వరస చేర్చాం.

ఏం నేర్చుకున్నాం

30 సెకన్ల గడువు ఒక అంచనా మాత్రమే. దాని లోపల పని అయిపోతోందన్న కారణంతో ఏ డిజైనూ సరైనదైపోదు. అందరు వాడుకరులూ వచ్చాకే సప్లై ఇచ్చే డ్రైవర్‌కు ఆ సంగతి చెప్పే సింక్ స్టేట్ పద్ధతి డ్రైవర్ కోర్‌లో ఉంది, ఇంటర్‌కనెక్ట్ (చిప్ లోపలి డేటా దారులు) కోడ్ దాన్ని వాడుతోంది కూడా. ఈ కెర్నెల్లోని రెగ్యులేటర్ కోర్ మాత్రం గడియారాన్నే నమ్ముకుంది.

డ్రైవర్‌ను కెర్నెల్ లోపలి నుంచి మాడ్యూల్‌కు మార్చడం ఇకపై నా లెక్కలో పవర్ మార్పే. అది సప్లైని ఎవరు, ఎప్పుడు పట్టుకుంటారన్న వరసను మారుస్తుంది. అలాంటి మార్పు వస్తే బూట్‌ను కావాలని నిమిషం పాటు ఆపి చూసే పరీక్ష ఇప్పుడు క్లయింట్ రోజువారీ బిల్డ్‌లో ఉంది. నిశ్శబ్ద కన్సోల్‌ను కూడా సడలించాం. రెగ్యులేటర్ ఆపిన కబురు సీరియల్‌లో తప్పక కనిపిస్తుంది.

ఫీల్డ్‌లో చీకటిలో చిక్కుకున్న పరికరాలకు అప్‌డేట్ ఎక్కించడానికి వాడిన ఉపాయం ఆ ఫీల్డ్ ఇంజనీర్‌దే. పక్కన పెట్టి, పది నిమిషాలు ఆగి, బ్యాటరీ తీసి పెట్టడం. ఈసారి ఎందుకు ఆగాలో కూడా సూచనల కాగితంలో రాశాం. తర్వాతి బోర్డులో టచ్ చిప్ వేరే బస్ మీదికి వెళ్లింది, ఆ సప్లై పేరు కూడా మారింది.